మబ్బు కాదు, ఆవు

నా పేరు ఫిర్మిన్. ఫ్లాండర్స్‌లో డిక్స్‌మౌడె ఊరి బయట, మూతపడ్డ ఇటుకల బట్టీ ఆఫీసులో మా నక్షత్రాల సంఘం నడుస్తోంది. అందులో నా పనులు రెండే. టెలిస్కోపున్న గోపురం కప్పు ఇరుక్కుపోకుండా గ్రీజు పెడతాను, సమావేశాల రోజున సూపు కాస్తాను. ఆకాశం చూడటం నాకూ ఇష్టమే గాని, ఇప్పుడు చెప్పబోయే ఇద్దరికున్నంత పిచ్చి నాకు లేదు.

ఆ ఇద్దరూ అలీడా, లీవెన్.

అలీడా పశువుల డాక్టరు. ఐజర్ ఏటికి అటూ ఇటూ ఉన్న పల్లపు పొలాల్లో ఏ కొట్టంలో ఆవు ఈనలేక అవస్థపడుతున్నా ఆమె పాత వ్యాను అక్కడ ఆగాల్సిందే. వెడల్పాటి భుజాలు, పెద్ద గొంతు. పెళ్లి చేసుకోలేదు. ఎవరైనా ఆ మాట ఎత్తితే, "దూడ అడ్డం తిరిగిందని ఫోనొస్తే పక్కలోంచి లేచి పోయేదాన్ని, నన్నెవడు భరిస్తాడయ్యా" అని పెద్దగా నవ్వేసేది. లీవెన్ ఫెర్నె పట్నంలో లెక్కల మాస్టారు. సన్నటి మనిషి, మెత్తటి మాట. ఎవరి పుట్టినరోజూ మర్చిపోడు. అతని భార్య చనిపోయిన ఏడాది చలికాలమంతా అలీడా తన వ్యానులో గిన్నెలు పెట్టుకుని వెళ్లి అతనిచేత రెండు ముద్దలు తినిపించి వచ్చేది. అప్పటినుంచే వాళ్ల జోడీ గట్టిపడింది. మధ్యలో ప్రేమా గీమా ఏమీ లేదు. ఊళ్లోవాళ్లు ఉందనుకుంటే వాళ్లిద్దరూ ఆ కబురు ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు.

వాళ్లు చేసే పని ఇది. అలీడా తోటలో కోళ్లగూటి పక్కన ఒక చెక్క గుడిసె ఉంది. అందులో టెలిస్కోపు, దానికి కెమెరా. ఆకాశం తెరిపిగా ఉన్న ప్రతిరాత్రీ ఆ కెమెరా ఆకాశంలో ఒకే ముక్కని మళ్లీ మళ్లీ ఫొటో తీస్తుంది. ఆ ఫొటోలన్నీ లీవెన్ కంప్యూటరుకి వెళ్తాయి. ఒక్కో ఫొటోలో వేల చుక్కలుంటాయి. ప్రతి చుక్క వెలుగూ అతను కొలుస్తాడు. చాలావాటి వెలుగు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కొన్ని మాత్రం ఊపిరి పీల్చి వదులుతున్నట్టు పెరిగి తగ్గుతుంటాయి. కొన్ని జంటగా తిరుగుతూ ఒకదాన్నొకటి మూసేస్తుంటాయి. అలా వెలుగు మారే చుక్కల్లో ఇంతవరకూ ఎవరి కంటా పడనివి వెతికి పట్టుకోవడమే వాళ్ల వ్యసనం. పట్టుకున్నవాటిని ఇద్దరి పేర్లతో ప్రపంచ జాబితాకి పంపేవాళ్లు. ఒకసారి ఆమె పేరు ముందు, ఒకసారి అతని పేరు ముందు.

"దున్నేది నేను, నూర్చేది వీడు" అనేది అలీడా.

"దున్నినదాంట్లో సగం రాళ్లే" అనేవాడు లీవెన్.

ఆదివారం మధ్యాహ్నం లీవెన్ ఆమె ఇంటికి భోజనానికి వచ్చేవాడు. నన్నూ పిలిచేవాళ్లు. రొయ్యల వడలు, బీరు, ఇద్దరి మధ్యా చుక్కల మీద పోట్లాట. ఆ పోట్లాట వినడానికే వెళ్లేవాణ్ణి నేను.

ఆరేళ్ల కిందట శరత్తులో వాళ్లకి ఒక వింత చుక్క దొరికింది. సెఫియస్ అనే నక్షత్రమండలంలో బాగా వెలిగే ఒక పెద్ద నక్షత్రానికి ఆనుకుని ఉంది అది. పెద్ద పెద్ద యంత్రాలతో ఆకాశమంతా గాలించేవాళ్లకి ఆ పెద్దదాని వెలుగు కళ్లలో పడి పక్కనున్న ఈ చిన్నది కనపడలేదు. అక్టోబరులో ఆ చుక్క మసకబారడం మొదలైంది. క్రిస్మస్ దాకా మసకగానే ఉండిపోయింది. చలి తగ్గుతుండగా మెల్లగా మళ్లీ వెలుగులోకి వచ్చింది. దాని ముందునుంచి ఏదో పెద్ద ధూళిపళ్లెం లాంటిది అడ్డంగా నడిచి వెళ్లి ఉండాలని లీవెన్ లెక్క కట్టాడు. అలాంటివి ఆకాశం మొత్తమ్మీద వేళ్లమీద లెక్కపెట్టొచ్చట.

ఆ మసక రోజుల నడుమ ఒక చిన్న ఖాళీ వచ్చింది. ఒక ఆవు అలీడా మణికట్టు మీద తన్నింది. ఎముక రెండు ముక్కలు. అప్పట్లో గుడిసె కప్పు చేత్తోనే తొయ్యాలి. కట్టు కట్టిన చేత్తో తొయ్యలేక ఆమె రెండు వారాలు ఒక్క ఫొటో కూడా తియ్యలేదు. దానికి మోటారు బిగించింది నేనే, ఆ తర్వాత.

ఒక్కసారి చూసి చెబితే ఎవరూ నమ్మరు. మళ్లీ మసకబారడం చూడాలి. ఎన్నేళ్లకి వస్తుందో తెలియదు. "అప్పటిదాకా బయట నోరెత్తొద్దు. వచ్చాక ఇద్దరం కలిసే చెబుదాం" అని వడల పళ్లెం మీద చేతులు కలిపి అనుకున్నారు. నేను అక్కడే ఉన్నాను. "మూడోవాడు నువ్వు. వాగావంటే నీ సూపులో సబ్బు కలుపుతా" అంది అలీడా నాతో.

తర్వాత రెండేళ్ల కిందట అలీడాకి రక్తంలో క్యాన్సరు వచ్చింది.

గెంట్ ఆస్పత్రిలో చేర్చారు. చాలా నెలలు అద్దాల గదిలో, ఎవరినీ ముట్టుకోకుండా ఉండాల్సి వచ్చింది. వెళ్లేముందు ఇంటి రెండో తాళంచెవి లీవెన్ చేతిలో పెట్టింది. "కోళ్లకి మేత వెయ్యి, మొక్కలకి నీళ్లు పొయ్యి, కెమెరా మాత్రం ఆపకు. నేను లేనప్పుడు మన చుక్క మసకబారిందంటే నిన్ను చంపేస్తా" అంది.

మొదట్లో లీవెన్ ప్రతి గురువారం పియరుపళ్లు పట్టుకుని వెళ్లేవాడు. తర్వాత ఫోన్లు చేశాడు. ఆ తర్వాత అవీ తగ్గాయి. సంఘంలో మేం అడిగితే మెల్లగా తల ఊపేవాడు.

"ఆమెకి ఇక చుక్కల మీద మనసు లేదు. ఆ ఊసు ఎత్తొద్దంది. మనం గుర్తు చేసి బాధపెట్టకూడదు" అన్నాడు.

ఇరవయ్యేళ్ల స్నేహితుడు చెబుతుంటే నమ్మకపోవడం ఎలా? నేను ఆస్పత్రికి వెళ్లినప్పుడల్లా గాలివానల గురించి, ఎవరి ఆవు ఏ పోటీలో గెలిచిందో దాని గురించి మాట్లాడి వచ్చేవాణ్ణి. అలీడా వినేది. ఏమీ అడిగేది కాదు. ఎందుకు అడగలేదో నాకు తర్వాత తెలిసింది.

కిందటి మార్చిలో డాక్టర్లు ఆమెని ఇంటికి పంపారు. నాకొక్కడికే చెప్పింది. "రేపు శనివారం, మన వార్షిక సమావేశం కదా. నన్ను తీసుకెళ్లు. ఎవరికీ చెప్పకు, నన్ను చూసి వాళ్లు మొహాలు ఎలా పెడతారో చూడాలి" అంది. సగానికి సగం అయిపోయి ఉంది మనిషి. ఉన్ని టోపీ కింద ఒక్క వెంట్రుక లేదు. నా కారులో కూర్చున్నంతసేపూ కొత్త బట్టలు తొడుక్కున్న పిల్లలా కదులుతూనే ఉంది.

మేం వెళ్లేసరికి హాలు నిండిపోయింది. లీవెన్ అప్పటికే వేదిక మీద ఉన్నాడు. ముందు వరసలో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఇద్దరు ప్రొఫెసర్లు కూర్చున్నారు. 'ఒక కొత్త ఆవిష్కరణ' అని మాత్రమే మాకు ముందుగా తెలుసు. మేం చప్పుడు చెయ్యకుండా వెనక గోడకి ఆనుకుని నిలబడ్డాం.

తెర మీద సెఫియస్ మండలం. దాంట్లో ఆ పెద్ద నక్షత్రం. దాని పక్కన ఎర్రటి గుండ్రటి గీత చుట్టి మా చుక్క.

అలీడా చెయ్యి నా మోచేతిని పట్టుకుంది. పక్షికాలులా ఉంది ఆ చెయ్యి.

లీవెన్ మెత్తటి గొంతుతో చెప్పుకుపోతున్నాడు. తను ఈ చుక్కని ఎలా పట్టుకున్నాడో, ఏళ్ల తరబడి ఎలా కాపలా కాశాడో. ప్రొఫెసర్లకి పాత ఆకాశ ఫొటోల భాండాగారంలో ఒక ఫొటో దొరికిందట. తను చూసినదానికి పన్నెండేళ్ల ముందుది. అందులోనూ ఈ చుక్క మసకగానే ఉందట. కాబట్టి ఇది పన్నెండేళ్లకోసారి మసకబారే చుక్క. మళ్లీ ఇంకో ఆరేళ్లకి వస్తుంది, అందరూ సిద్ధంగా ఉండండి అన్నాడు. వ్యాసం అచ్చుకి వెళ్లిపోయిందని కూడా అన్నాడు. పక్కకి జరిగి వెలుగు తగ్గి పెరిగిన గీతని చూపించాడు. చుక్కలు చుక్కలుగా దిగి, అడుగున నడిచి, మళ్లీ ఎక్కిన గీత. అడుగున ఒకచోట తెగి ఉంది.

ఒక ప్రొఫెసరు చెయ్యెత్తాడు. "ఆ ఖాళీ ఏమిటండీ?"

"మబ్బులు. మన ఫ్లాండర్స్ సంగతి మీకు తెలియంది కాదు" అన్నాడు లీవెన్. హాలంతా నవ్వింది.

"మబ్బు కాదు. ఆవు" అంది అలీడా.

జబ్బుకి గొంతు బొంగురుపోయింది గాని, పెద్ద గొంతు పెద్ద గొంతే. అందరూ వెనక్కి తిరిగారు. ఎవరో "అయ్యో, అలీడా!" అన్నారు. ఒకరిద్దరు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు. లీవెన్ ఆమెని చూస్తూ నిలబడిపోయాడు. చేతిలో ఉన్న మీట నొక్కుకుపోయి తెర మీద బొమ్మ మారింది. అది ఆఖరి బొమ్మ. కింద చిన్న అక్షరాల్లో ఉంది: 'తొలి రోజుల్లో సాయం చేసిన పూర్వ సహచరి అలీడాకు కృతజ్ఞతలు.'

"పూర్వ" అని ఆమె ఒక్కసారి పైకి చదివింది. వెనక్కి తిరిగి వంటగదిలోకి నడిచింది.

నేను వెంటపడ్డాను. కాసేపటికి లీవెన్ వచ్చాడు, తలుపు దగ్గరకి వేశాడు. సూపు గిన్నె పొయ్యి మీద కాగుతోంది. గరిటె అందుకుని కలుపుతూ నిలబడ్డాను, బయటికి పోవడానికి దారి లేదు.

"కూర్చో అలీడా, నీకు నీరసంగా..."

"నా నీరసం సంగతి నాకొదిలెయ్. ఆ ఫొటోలు ఎవరివి?"

"మనవే."

"మన అని తెర మీద ఎక్కడుంది? నాకు కళ్లు కూడా పోయాయనుకున్నావా?"

"ప్రొఫెసర్లకి ఆ పాత ఫొటో దొరికింది. ఇంక ఆగితే వాళ్లే సొంతంగా చెప్పేసుకునేవాళ్లు. తొందరపడక తప్పలేదు."

"తొందరపడు. నేనొద్దన్నానా? ఒక్క ఫోను చెయ్యొచ్చుగా. నా మంచం మీదే ఉండేది ఫోను, రాత్రీ పగలూ."

"నువ్వే కదా అన్నావు, చుక్కల గురించి మాట్లాడొద్దని!"

"ఒక్కరోజు అన్నాను. నలభై డిగ్రీల జ్వరంలో అన్నాను. మర్నాడు నేనే అడిగాను, ఆకాశం ఎలా ఉందని. ఏమన్నావు? మబ్బు అన్నావు. ఆ తర్వాత ఎప్పుడడిగినా మబ్బే అన్నావు. చలికాలమంతా మబ్బే, వసంతమంతా మబ్బే. సరే, మన ఖర్మ అనుకుని అడగడం మానేశాను. నా గుడిసెలో నా కెమెరా ఫొటోలు తీస్తూనే ఉంది కదా లీవెన్?"

అతను కిటికీ వైపు చూశాడు.

"వీళ్లందరికీ ఏం చెప్పావు? నాకు మనసు లేదని చెప్పావా?"

"మరి నేనేం చెయ్యను!" అని ఒక్కసారిగా అరిచాడు. అతను అరవడం నేనెప్పుడూ వినలేదు. "నువ్వు తిరిగొస్తావని ఎవరనుకున్నారు?"

ఆ మాట అన్నాక ఏమన్నాడో తనకే తెలిసినట్టుంది, చేత్తో నోరు మూసుకున్నాడు. నేను పొయ్యి మంట తగ్గించాను.

"ఎవరూ అనుకోకపోయినా ఫరవాలేదు" అంది అలీడా. "నువ్వు అనుకోవాల్సింది."

ఆరోజు ఆమెని ఇంటికి దింపి, నేనే ఫెర్నె వెళ్లి తాళంచెవి అడిగి తీసుకున్నాను. గుడిసెలో చూస్తే కెమెరా లేదు. ఫోను చేసి అడిగితే, తుప్పు పడుతుందని తన ఇంటికి తెచ్చుకున్నానన్నాడు. అదీ పట్టుకొచ్చి మళ్లీ బిగించాను. అలీడా వచ్చి చూడను కూడా చూడలేదు.

సంఘంలో రెండు మాటలు నడిచాయి. 'లెక్కలన్నీ పాపం అతనే కదా కట్టింది' అన్నవాళ్లున్నారు. 'జబ్బు మనిషి, ఏదో ఉక్రోషం' అన్నవాళ్లున్నారు. మా కార్యదర్శి గుడ్రున్ మంచిదే, కేకు పట్టుకుని అలీడా ఇంటికి వెళ్లింది. వెళ్లి ఏమంది? "ఒక్క చుక్క కోసం ఇరవయ్యేళ్ల స్నేహం చెడగొట్టుకుంటావా తల్లీ?" అంది.

"నేను చెడగొట్టానా?" అంది అలీడా.

"అలా కాదు. నువ్వే పెద్దమనసు చేసుకుని..."

"కేకు బాగుంది గుడ్రున్. ఇంక వెళ్లిరా."

ఆ వారమే సభ్యత్వం మానేసింది. లీవెన్ కొట్టిన దెబ్బకన్నా ఇది ఆమెని ఎక్కువ కుంగదీసిందేమో అనిపించింది నాకు. అద్దాల గదిలో ఉన్నన్ని నెలలూ ఈ మనుషుల మధ్యకి తిరిగి రావాలనుకుంది. వచ్చి చూస్తే ఆమె చోటు సర్దేసి ఉంది.

వేసవి వచ్చింది. ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తి ఇంకా రాలేదు కాబట్టి కొట్టాల్లోకి అడుగు పెట్టొద్దన్నారు డాక్టర్లు. ఆవుల్లేవు, సంఘం లేదు. పగలంతా ఇంట్లో కూర్చుని పాత ఫొటోలు చూసుకునేది. నేను మూడురోజులకోసారి వెళ్లి కోళ్లగూడు కడిగి, కాసేపు కూర్చుని వచ్చేవాణ్ణి. మాట తక్కువైపోయింది. నేనేదో హాస్యమాడితే నవ్వు పెదవుల దాకా వచ్చి ఆగిపోయేది.

ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం ఫోను చేసింది. "అట్లు పోస్తున్నాను, రా" అంది. గొంతులో ఏదో మార్పుంది.

వెళ్లేసరికి వేడివేడి అట్లు, గోధుమరంగు చక్కెర బల్ల మీద ఉన్నాయి. పక్కన కంప్యూటరు.

"ఇది చూడు. పన్నెండేళ్ల కిందట ఒక తోకచుక్క వచ్చింది, జ్ఞాపకం ఉందా? అప్పుడు నా దగ్గర చిన్న కెమెరా ఉండేది. తోక అందంగా ఉందని తీశాను. తోకచుక్క కాదు, ఈ మూల చూడు. ఈ పెద్ద నక్షత్రం ఏది?"

"మన చుక్క పక్కనుండేదా?"

"అదే. మరి మన చుక్క ఏది?"

కళ్లజోడు సర్దుకుని చూశాను. ఉండాల్సినచోట, కనపడీ కనపడనట్టు, పొడిలో రేణువంత ఉంది.

"మసకగా ఉంది" అన్నాను.

"మూడు ఫొటోల్లోనూ మసకే. ఇప్పుడు లెక్కపెట్టు. ప్రొఫెసర్లకి దొరికిన ఫొటో పద్దెనిమిదేళ్ల కిందటిది. మనం చూసింది ఆరేళ్ల కిందట. అందుకని పన్నెండేళ్లకోసారి అన్నాడు వాడు. ఇది సరిగ్గా నడుమ. అంటే..."

"ఆరేళ్లకోసారి!"

"అంటే మళ్లీ ఎప్పుడు?"

అట్టు నా చేతిలోనే ఉండిపోయింది. "ఈ అక్టోబరు?"

ఆమె తల ఊపింది.

నేను కుర్చీలోంచి లేచిపోయాను. నాకంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. "దొరికాడు! ఆరేళ్లాగి చూడండని ప్రపంచమంతా చాటాడు! నువ్వు నోరు మెదపకు అలీడా. కెమెరా పెట్టుకో, మసకబారేదంతా నువ్వొక్కదానివే పట్టుకో. తర్వాత చెప్పు. వాడి మొహం, ఆ ప్రొఫెసర్ల మొహం... అబ్బ!"

"నేనూ రాత్రంతా అదే అనుకున్నాను" అంది. "వాడి మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటే హాయిగా ఉంది. జబ్బు పడ్డాక అంత హాయిగా ఎప్పుడూ లేను."

"మరింకేం?"

ఆమె బయటికి చూసింది. ఎండగానే ఉంది గాని సముద్రం వైపు నుంచి నల్లగా ఎక్కివస్తోంది.

"అక్టోబరులో మనకి ఎన్నిరోజులు తెరిపి ఇస్తుంది ఫిర్మిన్? ఒక్క తోటలోంచి నేనేం పట్టుకోను? అడుగుకి దిగేటప్పుడు వాన పడిందనుకో, ఇక మళ్లీ ఆరేళ్లు. ఆరేళ్లకి నువ్వుంటావేమో. నా సంగతి డాక్టర్లే చెప్పలేకపోతున్నారు."

నేను మళ్లీ కూర్చున్నాను.

"నా పిచ్చి చూడు" అంది అలీడా. "వాడికి చెప్పాలని ముందు ఫోను చేతిలోకి తీసుకున్నాను. రెండు అంకెలు నొక్కాక గుర్తొచ్చింది. ఇరవయ్యేళ్ల అలవాటు. ఏది దొరికినా ముందు వాడికే కదా."

నాలుగురోజులు తర్జనభర్జన పడింది. ఒకరోజు చెప్పొద్దనేది, మర్నాడు చెప్పాలనేది. చివరికి తోకచుక్క ఫొటోలు మూడూ జతచేసి, ప్రపంచంలో ఇలాంటి చుక్కల్ని చూసేవాళ్లందరికీ వెళ్లేలా కబురు పంపింది. చాలా చిన్న కబురు. ఈ చుక్క ఆరేళ్లకోసారి మసకబారుతుంది, ఈ అక్టోబరులోనే చూడండి, మా దగ్గర వానలెక్కువ, మీ సాయం కావాలి. అంతే. లీవెన్ పేరు ఎత్తలేదు. కింద తన పేరొక్కటే పెట్టింది. పంపేముందు ఆ ఒంటరి పేరు కేసి చాలాసేపు చూసింది.

అక్టోబరులో నిజంగానే వాన కుండపోతగా కురిసింది. గుడిసె కప్పు తెరిచింది నాలుగైదుసార్లే. కాని స్పెయిన్‌లో ఒక మందులషాపు ఆయన, ఫిన్లాండ్‌లో ఒక చెక్కపని చేసేవాడు, కెనరీ దీవుల్లో మొగుడూపెళ్లాలు, ఇంకా నాకు నోరు తిరగని పేర్లవాళ్లు బోలెడుమంది చూశారు. నెల మధ్యలో చుక్క మసకబారడం మొదలైంది. రోజూ ఎక్కణ్ణుంచో కొలతలు వచ్చేవి. ప్రొఫెసర్లు కంగారుగా తమ పెద్ద టెలిస్కోపుని అటు తిప్పారు. వ్యాసం తిరగరాసి, అలీడా పేరు ముందు పెడతామని మర్యాదగా రాశారు. సరేనని ఒక్క ముక్కలో జవాబిచ్చింది. మా సంఘంలో గుడ్రున్ కూడా చూసి కొలతలు పంపిందట. మాట్లాడటానికి మాత్రం రాలేదు.

లీవెన్ వచ్చాడు.

నవంబరులో ఒక మధ్యాహ్నం. నేను కోళ్లగూటికి జాలీ బిగిస్తున్నాను. అలీడా మొక్కల మొదళ్లలో ఎండాకులు కప్పుతోంది. గేటు దగ్గర ఫెర్నె బేకరీ పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాదం టార్టు, ఆమెకి ఇష్టమైనది. ఈ కొద్ది నెలల్లోనే బాగా ముసలివాడైపోయాడు.

"లోపలికి రానా?" అన్నాడు.

"అక్కణ్ణుంచే వినపడుతోంది" అంది ఆమె.

"నీకెలా చెప్పాలో తెలియడం లేదు అలీడా. నువ్వు చెప్పకపోతే నా తప్పు ఆరేళ్లదాకా ఎవరికీ తెలిసేది కాదు. చుక్క చెయ్యిదాటిపోయేది. నన్ను కాపాడావు."

"నీ సంగతి నేను ఆలోచించలేదు."

"నన్ను క్షమించావనే అనుకున్నాను. లేకపోతే ఎందుకు చెబుతావు? ఊరుకుంటే మొత్తం నీదే అయ్యేది." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ ఏడుపని నేననను. "మళ్లీ ఆదివారాలు కూర్చుందాం. లెక్కలన్నీ నేను చేస్తాను. పేరు నీదొక్కటే పెట్టుకో, నాదొద్దు."

అలీడా ఆకుల గంప కింద పెట్టింది. గేటు దాకా వెళ్లింది గాని గడియ తియ్యలేదు.

"పేరు సంగతి కాదు లీవెన్. ఊరుకుంటే మొత్తం నాది కాదు, ఎవరిదీ అయ్యేది కాదు. ఇక్కడ నెలంతా వానే. నాతోపాటు చూసేవాళ్లు నాకు కావాలి. ఇదివరకు నువ్వుండేవాడివి."

"ఇప్పుడూ ఉన్నాను."

"లేవు" అంది. కోపంగా అనలేదు. ఎవరి పశువు దక్కదో వాళ్లకి చెప్పేటప్పుడు ఆమె గొంతు అలాగే ఉండేది, నాకు బాగా తెలుసు.

అతను ఇంకా నిలబడే ఉన్నాడు. చేతిలోని పెట్టెని ఏం చెయ్యాలో తోచలేదు.

"అది ఫిర్మిన్‌కివ్వు. వాడు తీపంటే పడి చస్తాడు" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

ఆ టార్టు నేను తీసుకోవాల్సి వచ్చింది. ఏం చెయ్యను, గేటు మీదుగా చాచి పట్టుకున్నాడు. కోళ్లకి వేశాను. లీవెన్ వచ్చే ఏడాది తన చెల్లెలి దగ్గరికి, లీజ్ పట్నం వైపు వెళ్లిపోతున్నాడని విన్నాను. సంఘానికి తన పుస్తకాలన్నీ ఇచ్చేశాడు.

జనవరిలో అలీడాని పరీక్షలకని గెంట్ తీసుకెళ్లాను. దారిలో పొగమంచు. చుక్క మళ్లీ వెలుగులోకి వస్తోందని ఆ పొద్దున్నే ఫిన్లాండ్ వడ్రంగి రాశాడని నేనే కదిపాను. ఇప్పుడైనా కాస్త మనసు కుదుటపడిందా అని అడిగాను.

"చుక్క గురించి నాకు బెంగలేదు" అంది. "ఆ అద్దాల గది గుర్తొస్తుంది. అక్కడ నాకు భయం వెయ్యలేదు తెలుసా? ఒళ్లంతా గొట్టాలు, వాంతులు, అయినా భయం వెయ్యలేదు. నా కెమెరా తిరుగుతోంది, వాడు చూస్తున్నాడు, నేను పోయినా మనం మొదలుపెట్టింది ఆగదు అనుకునేదాన్ని. దాన్నే పట్టుకుని పడుకునేదాన్ని. ఇప్పుడు వెనక్కి తిరిగి ఆ రోజులు తలుచుకుంటే, ఆ గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. నేను నిద్రపోయాక వాడు నా ఇంట్లో కూర్చుని నేను లేనట్టు లెక్కలు రాసుకుంటున్నాడు. చుక్క తీసుకున్నాడు, సరే, తిరిగొచ్చింది. ఇది ఎలా తిరిగొస్తుంది ఫిర్మిన్?"

కారు అద్దం తుడిచే పుల్లల వేగం పెంచాను, మంచుకి అది ఏమీ చెయ్యదని తెలిసినా.

డాక్టరు రక్తం బాగుందన్నాడు. ఏప్రిల్లో మళ్లీ రమ్మన్నాడు. బయటికొచ్చాక పొట్లంలో వేపిన బంగాళాదుంపలు కొనుక్కుని కారులోనే కూర్చుని తిన్నాం. ఆమె పొట్లం అడుగుదాకా తింది, నాది కూడా సగం తింది. అప్పుడే ఆమె ఫోనుకి ఒక కబురు వచ్చింది. ఫిన్లాండ్ వడ్రంగి. ఈ మండలంలో ఇంకా ఇలాంటివి దాక్కుని ఉంటాయని అతని నమ్మకమట. మీ పాత ఫొటోలన్నీ పంపుతారా, ఇద్దరం కలిసి వెతుకుదాం అని రాశాడు. మంచివాడిలా ఉన్నాడు. ఆ రాతలో పిల్లాడి ఉత్సాహం ఉంది.

అలీడా వేళ్లు కాగితానికి తుడుచుకుని ఆ కబురు రెండుసార్లు చదివింది. నవ్వింది కూడా. జవాబు రాయడానికి చాలాసేపు పట్టింది. నేను పక్కనుంచి చూశాను.

'ఆలోచించి చెబుతాను' అని రాసింది.